సబ్జా నీళ్లకు తగ్గని వేడి

ధర్మవరంలో మా వీధి ఆడవాళ్లకు పొత్తికడుపు నొప్పి వస్తే ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం కూర్చుంటే నొప్పి రాక ఏమవుతుంది అంటారు. ఇటుక కాల్చి, గుడ్డలో చుట్టి కాపడం పెట్టుకుని మళ్లీ గుంతలోకి దిగుతారు. త్రివేణి కూడా చాలాకాలం అట్లాగే దిగింది.

త్రివేణి మా చిన్నాయన కొడుకు గంగాధరప్ప భార్య. సోమందేపల్లె పిల్ల. మనిషి సన్నం, మాట గట్టి. రెండు రంగుల అంచు చీర నెయ్యడంలో మా వీధిలో ఆమెకు సాటి లేదు. అది ఒక్కరితో అయ్యే పని కాదు. చీర ఒంటికి ఒక రంగు, అంచుకు ఇంకో రంగు, కాబట్టి మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, అడ్డపోగు మోసే నాడెలు అందించుకోవాలి. ఒకరు బిగించి ఇంకొకరు వదిలితే అంచు వంకర పోతుంది. నేను వాళ్లకు నాడెలో పెట్టే దారం కండెలు చుట్టి ఇచ్చేదాన్ని, రోజూ చూసేదాన్ని. గంగాధరప్ప చెయ్యి చాపకముందే త్రివేణి నాడె వదిలేది. చూస్తే నాకు కుళ్లు పుట్టేది, దాచుకోవడం ఎందుకు? నా మొగుడు పోయి అప్పటికే చాలా కాలమైంది.

రెండువేల నాలుగు ఎండాకాలంలో ఒకరోజు ఆమె గుంతలోంచి లేవలేకపోయింది. నేనే అనంతపురం తీసుకుపోయాను. లేడీ డాక్టరు చూసి, లోపలి నుంచి దూది పుల్లతో నమూనా తీసి బెంగళూరు పంపించింది. మళ్లీ పోయినప్పుడు తలుపు వేయించి మా ఇద్దరికీ చెప్పింది. క్లమీడియా అట. ఆడామగా కలయికలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బట.

"నాకెట్లొస్తాది మేడమ్? పెండ్లయినప్పట్నుంచి ఆయన తప్ప ఇంకొకరు తెలీదు నాకు," అంది త్రివేణి.

"ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఈ పరీక్ష చెప్పదమ్మా. బాధేమీ తెలియకుండా నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా ఒంట్లో ఉండిపోతుంది. మీ ఆయనకు ఎప్పుడైనా మూత్రంలో మంట వచ్చిందా?"

"నాకు తెలిసి లేదు మేడమ్."

"సరే. మాత్రలతో నయమవుతుంది. ఇద్దరూ ఒకేసారి వాడాలి, వాడినన్నాళ్లూ కలవకూడదు. నువ్వొక్కదానివే వాడితే ఆయన నుంచి మళ్లీ నీకే వస్తుంది."

రెండు పొట్లాలు ఇచ్చింది. బస్సు రాప్తాడు దాటింది. అప్పుడు త్రివేణి అంది, "వదినా, ఈ పొట్లం చేతికిస్తే నేనే యాడనుంచో తెచ్చినానంటాడు." గంగాధరప్ప అట్లాంటివాడు కాదని నేను కోప్పడ్డాను.

నా తమ్ముడు గంగాధరప్ప సరిగ్గా అదే అన్నాడు. "నాకే రోగమూ లేదు. పరీక్షలో వచ్చింది నీకు. నేనెందుకు మింగాల?" వాళ్లమ్మ, మా చిన్నమ్మ ఓబమ్మ, కొడుకు పక్కన నిలబడి ఇంకా కారం చల్లింది. "పుట్టింటికి పోతే దినాల కొద్దీ ఆడనే ఉంటాది. యాడ తిరిగిందో ఎవురికి తెలుసు? ఆదివారం వాళ్లన్నను పిలిపిస్తా. పిల్చుకపోనీ."

త్రివేణి మగ్గం గుంతలోంచి లేచింది. నింద పోయేదాకా నాడె ముట్టనంది. సగం చీర మగ్గం మీదే ఉంది. నువ్వన్నా మాత్రలు మింగవే, నొప్పికి చచ్చిపోతావు అని నేను తిట్టాను. "నేనొక్కదాన్నే మింగితే తప్పు నాదని ఒప్పుకున్నట్లయితాది వదినా," అంది. ఇద్దరూ మింగేది లేదని ఒకే మాట పట్టుకున్నారు, కానీ కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది మాత్రం ఆమె. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. గంగాధరప్ప తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని నెయ్యబోయాడు. అంచు పాములాగా వంకర్లు పోయింది.

ఆదివారం పొద్దున త్రివేణి అన్న హనుమంతరాయుడు వచ్చాడు. తలవంచుకుని అరుగు మీద కూర్చున్నాడు. చెల్లెల్ని తీసుకుపోవాల్సి వస్తుందని ముందే అనుకుని వచ్చినట్టున్నాడు, చేతిలో ఖాళీ సంచి ఉంది. ఆ సంచి చూసి త్రివేణి మొహం పాలిపోయింది. ఈ ఇంట్లోంచి ఈ పేరుతో బయటికి పోతే తర్వాత ఎక్కడ బతుకుతుంది?

ఓబమ్మ గొంతెత్తింది. "నా కొడుకు నిప్పప్పా! బుద్ధెరిగినాక వానికి ఒక్క రోగం రాలే. ఒక్క తూరి, అదీ బెంగళూరు మిషన్ మగ్గాల పనికి పోయొచ్చినప్పుడు, ఒంటికి వేడి చేసి ఉచ్చ పోస్తే మంటని ఏడ్సినాడు. ఆ ఊరి తిండి పడలే. నేనే దినమూ సబ్జా నీళ్లిచ్చి బాగు చేసుకుంటి."

మా పక్క మూత్రం మంటకు వేడి తప్ప ఇంకో పేరు లేదు. ఎండకు వస్తుంది, సబ్జాకు పోతుంది అంటాం. అందుకే మా చిన్నమ్మ తాను చెప్పింది ఏమిటో తెలియకుండా చెప్పేసింది. నేను త్రివేణి వైపు చూశాను.

"అదెప్పుడత్తా?" అంది త్రివేణి మెల్లగా.

"మీ నాయన మంచం పట్టిన ఏడాది. నువ్వు సోమందేపల్లెలో ఉంటివి కదే."

అది రుజువు కాదని ఆ డాక్టరమ్మ అనేదేమో. గంగాధరప్ప మొహం చూసిన మాకు రుజువు అక్కర్లేకపోయింది. వాడు మగ్గం గుంతలోకి చూస్తూ కూర్చున్నాడు. నాయన మంచం పక్కన సేవ చేసిన దినాలు, తిరిగొచ్చాక మొగుడు కొత్తగా చూపించిన ప్రేమ, అన్నీ త్రివేణికి ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నాయి. గోడకు ఆనుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. లోపలికి పోయి రెండు పొట్లాలూ, రెండు లోటాల నీళ్లూ తెచ్చింది. ఒకటి వాడి ముందు పెట్టింది.

"సబ్జా అయిపోయింది. ఇది మింగు."

"ఒక్క తూరే త్రివేణీ..."

"ఎన్ని తూర్లని నేనడగలే. మా అన్నకు చెప్పు."

గంగాధరప్ప తలెత్తలేదు. "బావా, నీ చెల్లెల్ది ఏ తప్పూ లేదు. నేనే తెచ్చినా," అన్నాడు. ఓబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ అక్కడే, మా అందరి ముందే, మాత్ర మింగారు.

"మనూరికి పోదామా తల్లీ?" అన్నాడు హనుమంతరాయుడు.

"ఎందుకన్నా? తప్పు చేసినోడు ఇంట్లో కూర్చోని, నేను పోవాల్నా?" అని వంకర పోయిన అంచు కాడ కూర్చుని, అత్త నేసిందంతా పోగు పోగూ విప్పింది.

మాత్రలు పూర్తయ్యాక నొప్పి తగ్గింది. ఇప్పుడు వాళ్ల చీర అంచు మళ్లీ తిన్నగానే వస్తుంది. నేను ఇప్పటికీ కండెలు తీసుకుపోతుంటాను, చూస్తుంటాను. గంగాధరప్ప చెయ్యి చాపి, నోరు తెరిచి అడిగితే తప్ప త్రివేణి నాడె వదలదు.