అత్త గోడమీది ఊరు

మా మేనత్త మొన్న మంగళవారం తెల్లవారుతూనే పోయింది. ముందురోజు కూడా నాన్నతో పోట్లాడింది, పటం ఒక పక్కకు ఒరిగిందని.

పటమంటే దేవుడిది కాదు. నూరేళ్ళ కిందట ఎవరో దొర సిరాతో గీసిన సముద్రపొడ్డు పల్లె. కొండవాలు, ఇళ్ళ కప్పులు, ఒడ్డుకు లాగిన పడవలు, ఆరేసిన వలలు, అన్నీ వెంట్రుకవాసి తప్పకుండా ఉంటాయి. సముద్రం దాటి మేం కూలికొచ్చిన ఈ దేశంలో, బంటింగ్ దగ్గర మా రబ్బరు తోట దొర సీమకు వెళ్ళిపోతూ, బంగళాలో ఆయాగా చేసిన అత్తను ఏం కావాలని అడిగాడు. కుర్చీ అడగొచ్చు, గిన్నెలడగొచ్చు. ఈవిడ పటం అడిగింది!

ఇక మా తిప్పలు మొదలు. కూలీ లైనులో మాకున్నది ఒక్క గది. వాన కారితే ముందు పటం, తర్వాత పిల్లలు. వచ్చినవాళ్ళందరికీ "మావూరు" అని చూపించేది. తోట లెక్కలు రాసే కిరాణీ పటం కింద రాసింది చదివి, "ఇది ఇంగ్లీషువాళ్ళ పల్లెమ్మా, మీ భీమిలి వైపుది కాదు" అన్నాడు.

"నీకేటి తెలుసు? సముద్రం అదే గదా" అంది. ఆమెతో వాదించి గెలిచినవాడు లేడు.

రబ్బరు ధర పడిపోయి కూలీలను ఓడల్లో వెనక్కి పంపేస్తున్న ఏడు, నాన్న మా అందరి పేర్లూ రాయించాడు. పసివాడిగా అత్త చంకనెక్కి వచ్చిన మనిషి, ఊరు చూడాలని ఆశ. పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవులో మూటలు చూసేవాడు పటం వదిలెయ్యమన్నాడు. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకొని అక్కడే చతికిలబడింది.

"నానెల్లను. మీరెల్లండి."

ఆమెను వదిలి నాన్న ఎక్కలేడు. మా కళ్ళెదుటే ఓడ వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక నాన్న అరిచాడు. "గాజుముక్క కోసం సొంతూరు పోగొట్టినావప్పా!"

"ఏ ఊరురా?" అంది అత్త. "ఉప్పెనొచ్చి తుడిసిపెట్టుకుపోనాది. అమ్మా బాబూ అందులోనే పోనారు. జొరమని నీకు అబద్దం సెప్పినాను. అక్కడికెల్తే ఇసకే."

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"నీకూ ఓ ఊరుండాలి గదరా."

ఆ తర్వాతైనా మెత్తబడిందా? మర్నాడే "గాజు తుడవండే గుంటల్లారా" అని మా ప్రాణం తీసింది. దుఃఖం తను ఉంచుకొని మాకు విసుగు మాత్రమే పంచిన మనిషి.

నిన్న మట్టి చేసి వచ్చాక నాన్న తడితలతోనే పటం ముందు నిలబడ్డాడు. "ఇందులో మన ఇల్లు ఏదని అప్ప సెప్పేదే?" అని అమ్మని అడిగాడు. అమ్మకు తెలీదు. ఆయన వేలు ఒక్కో కప్పూ దాటుకుంటూ ఒడ్డు పొడుగునా వెతుకుతూనే ఉంది.