పదవుల తాతగారి బడి

తాతగారికి ఒకే ఒక్క బలహీనత. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఏదో ఒక పదవి కట్టబెట్టకుండా ఉండలేరు. కొందరికి పొడుం, కొందరికి పేకాట, ఆయనకి పదవులు. అదీ పుచ్చుకోవడం కాదు, పంచిపెట్టడం.

ఆయన బడి పుట్టిందే ఒక తగాదాలోంచి. పెద్ద మిషన్ బడిలో అధికారుల పెత్తనం ఎక్కువైందని కొన్ని విశ్వాసుల కుటుంబాలు అలిగి బయటికి వచ్చేసి, ప్రార్థన మందిరం వెనక రేకుల షెడ్డులో సొంతంగా బడి పెట్టుకున్నాయి. ఏ మిషన్ డబ్బూ వద్దు, ఏ బిషప్పు ఆజ్ఞలూ వద్దు, ప్రభువు తప్ప మనకి పై అధికారే ఉండకూడదని మోకాళ్ళ మీద తీర్మానించుకున్నారు. అందరూ మోకాళ్ళ మీంచి పూర్తిగా లేచారో లేదో, తాతగారు పదవులు పంచడం మొదలుపెట్టారు. షెడ్డు మేడయ్యేసరికి ఆ బడిలో అధికారి కానివాడంటూ లేకుండా పోయాడు.

గంట కొట్టే ముసలాయన గంట కార్యదర్శి. ఆయనకి బ్రహ్మ చెవుడు. తను కొట్టిన గంట మోగిందో లేదో తనకే తెలియదు. మోగిందని చెయ్యూపి చెప్పడానికి గంట ఉపకార్యదర్శి. దర్జీగారు పోయాక ఒంటరైన ఆయన భార్య కిటికీల పర్యవేక్షకురాలు. తాగుడు మానేసిన పెయింటరు కీర్తనల పుస్తకాల సంరక్షకుడు. కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడు సాయంత్రానికి నీటి శాఖ ఉపాధ్యక్షుడై ఇల్లు చేరాడు. మరి అధ్యక్షుడెవరని పెళ్ళాం అడిగితే, అది ఇంకా ప్రార్థనలో ఉందన్నాడట.

తన పిల్లవాడి చెవి మెలేశారని ఒక తండ్రి చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. వెళ్ళేటప్పుడు ఫిర్యాదుల సంఘం అధ్యక్షుడు. తన ఫిర్యాదు తనే విని, తనకి తనే సర్దిచెప్పుకుని, రెండో పిల్లని కూడా తెచ్చి అక్కడే చేర్చాడు.

ఇదంతా చూసి తల పట్టుకునేది హెడ్మిస్ట్రెస్సమ్మ ఒక్కతే. ఆవిడ లెక్కల మనిషి. తీసివేత అంటే మరీ ఇష్టం. పై తరగతులకి గుర్తింపు ఇవ్వాలంటే విద్యాశాఖ అధికారి ఒకాయన తనిఖీకి వస్తారనీ, బడిలో పని లేని మనిషి ఒక్కరు కనిపించినా గుర్తింపు రాదనీ కబురొచ్చింది. గుర్తింపు రాకపోతే పై తరగతి పిల్లలంతా మళ్ళీ ఆ పెద్ద బడి గేటు ముందు నిలబడాలి.

ఒక మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక తాతగారిని తన గదిలో కూర్చోబెట్టి, పదవుల జాబితా ముందేసుకుని ఎర్ర పెన్సిలు పట్టుకుంది. గంట ఉపకార్యదర్శితో మొదలుపెట్టింది. తాతగారు వాదించలేదు. ప్రతి పేరు దగ్గరా ఒకటే మాట అడిగారు.

"తీసేద్దువుగాని తల్లీ. రేపట్నుంచి ఆ మనిషి పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళాలో అది కూడా చెప్పు."

అది బడికి సంబంధించిన విషయం కాదని ఆవిడ విసుక్కుంది. ఇన్ని పదవుల్లో అక్కర్లేనిది ఒక్కటైనా ఉందని ఒప్పుకోమంది. తాతగారు కళ్ళజోడు తుడుచుకుంటూ నేల చూపులు చూశారు. కిటికీ రెక్కలు తీస్తున్న పర్యవేక్షకురాలు వెనక్కి తిరగకుండానే అందుకుంది.

"ఒకటుందమ్మా. హెడ్మిస్ట్రెస్ పదవి."

తాతగారు వద్దని సైగ చేస్తున్నా పర్యవేక్షకురాలు ఆపలేదు. అంతకుముందు బడిలో ఆ పదవే లేదనీ, ఆ పనులన్నీ తాతగారే చూసుకునేవారనీ, పెద్ద బడివాళ్ళు ఈ హెడ్మిస్ట్రెస్సమ్మని పని మాన్పించారని తెలిసిన సాయంత్రమే ఆయన గొడుగు పట్టుకుని బయల్దేరారనీ చెప్పేసింది.

హెడ్మిస్ట్రెస్సమ్మకి ఆ సాయంత్రం బాగా గుర్తుంది. హెడ్మిస్ట్రెస్ లేక మా బడి అల్లాడిపోతోందమ్మా, నువ్వే కాదంటే ఇంకెవరిని అడగనని తాతగారు గుమ్మంలో నిలబడి బతిమాలారు. ఆవిడ నిజమేననుకుని బెట్టు చేసింది. విడిగా గది కావాలంది. దక్షిణం గాలి రావాలంది. ఆయన తన గదే ఖాళీ చేసి ఇచ్చారు. ఆ గాలి ఇప్పుడు హాయిగా వీస్తోంది. ఆవిడకి సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. పెన్సిలు సొరుగులో పడేసింది.

తనిఖీ రోజు అధికారి గది గదీ తిరిగారు. కిటికీల పర్యవేక్షకురాలు ఏం చేస్తుందని అడిగితే, ఎండ ఎటు తిరిగితే అటు రెక్క మూసి పిల్లల కళ్ళు కాపాడుతుందని హెడ్మిస్ట్రెస్సమ్మ తడుముకోకుండా చెప్పింది. గంట ఉపకార్యదర్శి సంగతి చెప్పేటప్పుడు కూడా నవ్వలేదు. అధికారి అందరి పనీ దగ్గరుండి చూసి తల పంకించారు. చివరికి మెట్ల మీద ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న తాతగారి దగ్గర ఆగారు.

"ఈయనెవరు? ఈయన పనేంటి?"

అప్పుడు తట్టింది ఆవిడకి. ఊరందరికీ పదవులు పంచిన మనిషికి పదవి లేదు. ఉన్న ఒక్క పనీ తనకిచ్చేశారు. తాతగారు లేచి, నేనెవర్నీ కాను బాబూ అనబోయారు. ఆవిడ చటుక్కున అడ్డుపడింది.

"నా సహాయకులు సార్. ఏ పనీ లేనివాళ్ళకి ఇక్కడ ఏం పనుందో వెతకడం ఈయన పని."

అధికారి ఆయన వంకా, గంట దగ్గర చెయ్యూపుతున్న ఉపకార్యదర్శి వంకా చూశారు. బాగానే వెతుకుతున్నారే అని గుర్తింపు పత్రం మీద సంతకం చేశారు.

మర్నాడు హెడ్మిస్ట్రెస్సమ్మ వచ్చేసరికి సహాయకుడు గారు ఇస్త్రీ చొక్కాలో గది బయట నిలబడి ఉన్నారు. ఆవిడ ఇల్లు చక్కబెట్టుకుని వచ్చేదాకా ఇంట్లో ఆగలేకపోయారట. కొత్త ఉద్యోగం బాగానే ఉంది గానీ పని ఒత్తిడి ఎక్కువగా ఉందనీ, తనకో ఉపసహాయకుడు లేకపోతే కుదిరేలా లేదనీ మొర పెట్టుకున్నారు. ఒక్క రాత్రిలో అంత ఒత్తిడేం వచ్చిందని ఆవిడ నిలదీసింది.

"నాకోసం కాదు తల్లీ," అన్నారు గొంతు తగ్గించి. "గేటు దగ్గర ఒకతను పొద్దున్నుంచి నిలబడి ఉన్నాడు. ఎందుకొచ్చావంటే చెప్పడు, వెళ్ళమంటే వెళ్ళడు."

ఆవిడ గేటు వైపు ఒకసారి చూసి, గది తాళం తీస్తూ, ఉపసహాయకుడికి కుర్చీ ఎక్కడ వేయిద్దామని అడిగింది.