ఖాళీ బిందెతో నడక

మా ఊళ్లో పని లేకుండా ఎవరూ నడవరు. పొలానికి నడుస్తారు, పుల్లలకు అడవిలోకి నడుస్తారు, బస్సు రాకపోతే ములకలపల్లి దాకా నడుస్తారు. ఊరికే నడవడం అనేది మాకు తెలియదు. అందుకే పందొమ్మిది వందల ఎనభైల్లో, ఆరో నెల గర్భంతో ఉన్న నా భార్యకు కొత్తగూడెం డాక్టరమ్మ చెప్పినవాటిలో ఇన్సులిన్ సూది కంటే నడకే మాకు కష్టమైంది.

"షుగర్ ఎక్కువుంది. మూడు పూటలా తిన్నాక అరగంట నడవాలె. బరువులెత్తొద్దు. అశ్రద్ధ చేస్తే పిల్లకు ముప్పు" అన్నదామె.

కడుపుతో ఉన్న కోడలు ఊరికే తిరుగుతుంటే అత్తతో పడక పుట్టింటికి పోతోందనుకుంటారు. చేతిలో ఏదో ఒక పని కనబడాలి. నీళ్ల బిందె పట్టుకుని ఊరి చివర బోరింగు దాకా పోయి వస్తే సరిపోతుందన్నాను. బరువు మోయకూడదు కాబట్టి ఖాళీ బిందెతోనే తిరిగి రావాలి.

మా అమ్మ చేతిలో చాట కింద పెట్టింది. "ఖాళీ బిందెతోని ఎదురొస్తె ఊరోళ్లు ఊకుంటరా బిడ్డా? వట్టి మనిషి గూడ కాదాయె."

ఆ రోజుల్లో నేను దుమ్ముగూడెం నుంచి సత్తుపల్లి దాకా ఊరూరా తిరిగి సభల్లో శకునాల మీద, దయ్యాల మీద విరుచుకుపడుతుండేవాణ్ని. అమ్మ మాట విని నాకు భయం కలగలేదు, సంతోషం కలిగింది. ఇంత మంచి వాదం ఏ వేదిక మీద దొరుకుతుంది? బిందె నేనే తెచ్చి నా భార్య చేతికిచ్చాను. ఆమెను ఒక్క మాట అడగలేదు.

మొదటి రోజే కిరాణా కొట్టాయన ఆమెను చూసి సైకిల్ వెనక్కి తిప్పాడు. "పొద్దున్నే గిట్ల ఎదురొస్తివేందమ్మా, ఇయ్యాల బేరం మునిగినట్టే" అన్నాడు. నేను అరుగు దిగి వెళ్లి అతన్ని పట్టుకున్నాను. ఇత్తడికీ బేరానికీ సంబంధమేమిటో చెప్పమన్నాను. జనం పోగయ్యారు. నా వాదం ముగిసేదాకా ఆమె బిందె చంకన పెట్టుకుని దారి మధ్యలో నిలబడే ఉంది. నడవాల్సిన అరగంట అలా గడిచిపోయింది. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

తర్వాత నేను సభలకు వెళ్లిపోయాను. ఇంటికొచ్చినప్పుడల్లా అడిగేవాణ్ని.

"నడుస్తున్నవా?"

"అవ్, నడుస్తున్న."

వేదికలెక్కి ఆమె గురించి చెప్పాను. నా భార్య నిండు గర్భంతో రోజూ ఖాళీ బిందె మోస్తోంది, ఏమైందో చెప్పండి అన్నాను. చప్పట్లు కొట్టారు.

తొమ్మిదో నెల మొదట్లో కడుపులో కదలిక ఆగింది. కొత్తగూడెం దవాఖానాలో పుట్టిన ఆడపిల్ల బొద్దుగా, నల్లటి జుట్టుతో ఉంది. ఏడవలేదు.

ఇంటికొచ్చాక పరామర్శకు వచ్చినవాళ్లెవరూ బిందె మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది, నాకు జవాబు వచ్చు. కొట్టాయన వచ్చి నా వైపు చూడకుండా కూర్చుని లేచి వెళ్లాడు.

పదకొండో రోజు నా భార్య చెప్పింది. "నేను నడుసుడు ఎప్పుడో బందు పెట్టిన. మీరు సభలకు పోయిన రెండో దినమే."

"నాకెందుకు చెప్పలె?"

"ఎట్ల చెప్త? బోరింగు కాడ ఆడోళ్లు, మీ ఆయన మైకుల మాట్లాడుతడు, నీతోటి బిందె మోపిస్తడు అని నవ్విన్రు. మీకు చెప్తె పోయి వాళ్లతోని కొట్లాడుదురు. మల్ల ఆ తొవ్వల పోవాల్సింది నేనే గద."

ఆమే మళ్లీ అడిగింది. "బిందె వల్ల కాదు గద?"

"కాదు."

"నేను నడవనందుకా?"

నేను కొత్తగూడెం వెళ్లి డాక్టరమ్మను అదే అడిగాను. "చెప్పలేం. నడిస్తే షుగర్ తగ్గేది. పిల్ల బతికేదా అంటే చెప్పలేం" అన్నదామె. నిజాయితీ గల జవాబు. శాస్త్రం ఎరిగినవారు అంతకంటే చెప్పకూడదు. ఇంటికొచ్చి ఆ మాటే నా భార్యకు చెప్పాను. ఆమె తల ఊపింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం కంచం కడిగి పెరట్లోకి వెళ్లేది. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు అరగంట నడిచేది. ఖాళీ కడుపు మీద చెయ్యి ఆనించుకునే నడిచేది. దయ్యాల్లేవని ఎన్నో ఊళ్లలో నిరూపించినవాణ్ని, ఆ అడుగుల చప్పుడు వింటూ అరుగు మీద కూర్చునేవాణ్ని. ఇక చాలు, ఆపమని చెప్పడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు.