రెండు ప్రాటాలు, ఒట్టి పులుసు

“తమ్ముడూ, మీ బావ లెగట్నేదురా. టీ పెట్టి లేపితే లెగట్నేదు.”

రెండు వారాల క్రితం మంగళవారం పొద్దున్న అక్క ఫోన్ చేసి అన్న మాటలివి. గోపాలపట్నంలో నా షెడ్డు షట్టర్ అప్పుడే ఎత్తుతున్నాను. గేట్లు, గ్రిల్స్ చేసే షెడ్డు. షట్టర్ సగంలోనే వదిలేసి బండి తీశాను. నేను మల్కాపురం చేరేసరికి వాళ్ళ గుమ్మం ముందర అప్పటికే చెప్పులు గుట్టపడి ఉన్నాయి. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. బావకి యాభై తొమ్మిదేళ్ళు.

ఆయన నాకు వరసకి నిజం బావేమీ కాదు. మా వైపు మగాళ్ళం ఒకళ్ళనొకళ్ళు బావా అనుకుంటాం, అలా బావ. ఆయన భార్య నాకు అక్కయింది. ఆయన పేరు రాయను. ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు కొత్తగా ఎందుకు?

సింగపూర్‌లో ఓడలు రిపేరు చేసే యార్డులో ఆయన ఇరవై రెండేళ్ళు పైపు ఫిట్టరు. ఆయన చేతికింద నేను తొమ్మిదేళ్ళు ఉన్నాను. పని నేర్పినవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. పరాయి ఊళ్ళో చవగ్గా, కడుపునిండా, సిగ్గుపడకుండా తినడం నేర్పినవాడు మాత్రం ఆయనొక్కడే. ఆ తిండి గురించే రాస్తున్నాను. ఇదేం గొప్ప విషయం అనిపించినవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

నేను అక్కడ దిగిన మర్నాడు ఆదివారం. నన్ను ఒక పెద్ద ఫుడ్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు. ఒకే కప్పు కింద యాభై కొట్లు, మధ్యలో బల్లలు, ఇసకేస్తే రాలనంత జనం. “నువ్వెల్లి కూకో బావా, నాను అట్టుకొత్తాను” అని ఆయన లైన్లోకి వెళ్ళాడు. చూస్తే ఒక బల్ల ఖాళీగా ఉంది, దాని మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. ఎంత మర్యాదస్తులో, బల్లకో ప్యాకెట్ పెట్టారు అనుకున్నాను. కూర్చుని, ప్యాకెట్ చింపి, మొహం, మెడ, చంకలదాకా తుడుచుకున్నాను. అంతలో ఒక చైనా ముసలావిడ నూడుల్స్ ట్రేతో వచ్చి నన్ను చూసింది, ప్యాకెట్ చూసింది, తిట్లు అందుకుంది. ఆవిడ భాషలో ఆవిడ, మన భాషలో నేను. నాకు మామూలుగానే కోపం ఎక్కువ, ఆకలి మీదుంటే మరీనూ.

బావ పరిగెత్తుకొచ్చాడు. తన జేబులోంచి కొత్త ప్యాకెట్ తీసి, వంగి, రెండు చేతులతో ఆవిడకిచ్చాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఓరి బావా, మన కాంప్లెక్సులో బస్సు ఆగీసరికి కిటికీలోంచి తువ్వాలు ఏస్తాం గదా, సీటుకి! ఆ తువ్వాలే ఇది. నువ్వు ఆయమ్మ తువ్వాలు అట్టుకుని సంకలు తుడుసుకున్నావు.”

ఆవిడకి ఏం అర్థమైందో గానీ ఆవిడా నవ్వింది. పక్కకి జరిగి మాకు కూడా చోటిచ్చింది. అన్నం మీద ఏవేవో కూరలు వేయించుకొచ్చాడు బావ. పేర్లు తెలియక్కర్లేదు, అద్దం మీద వేలు పెట్టి చూపిస్తే చాలు, వడ్డించేస్తారు. ఆ రోజు నాకు కడుపు నిండింది, భయం కూడా పోయింది.

తిండి విషయంలో ఆయనకి రెండు రూల్సు ఉండేవి. ఒకటి, “బోర్డు సూడకు బావా, ఒండీవోడి సేతులు సూడు.” రెండోది, “లైనెక్కడుంటే అక్కడ నిలబడిపో. ఏటమ్ముతన్నారో నిలబడ్డాక కనుక్కుందుం.” రెండో రూలు పట్టుకుని ఒకసారి అరగంట నిలబడ్డాం. తీరా ముందుకెళ్తే అది లాటరీ టిక్కెట్ల కౌంటరు. నేను నానా మాటలన్నాను. ఆయన మాత్రం వెనకాలున్న తంబితో కబుర్లు చెప్పి ఇంకో సందులో మంచి చికెన్ రైస్ కొట్టు ఎక్కడుందో కనుక్కున్నాడు.

రోజూ తినేది మాత్రం మా డార్మిటరీ గేటు ఎదురుగా తమిళాయన కొట్లో ప్రాటా. మన పరోటాకి చుట్టం అనుకోండి. మైదా ముద్దని నూనె బల్ల మీద కొట్టి, గాల్లో తిప్పి, అవతల ఏముందో కనపడేంత పల్చగా సాగదీసి, మడతపెట్టి పెనం మీద వేస్తారు. లోపల ఏమీ పెట్టకుండా వేసినదాన్ని అక్కడ కోసోంగ్ అంటారు, అంటే ఖాళీది అని. బావకి ఎప్పుడూ రెండు ఖాళీవే. గుడ్డు వద్దు, ఉల్లిపాయ వద్దు. పక్కన చేపల పులుసు, అందులోనూ ముక్క లేకుండా ఒట్టి పులుసు. ఆ ఊళ్ళో అంతకంటే చవక టిఫిన్ లేదు. పిసినారి అని మేమంతా ఏడిపించేవాళ్ళం. ఫోర్‌మన్ అయ్యాక కూడా ఆయనవి రెండు ఖాళీవే.

టీని ప్లాస్టిక్ సంచిలో పోసి, తాడు కట్టి, స్ట్రా గుచ్చి ఇస్తారక్కడ. బావ ఆ సంచిని యార్డుకి తెచ్చి పరంజా పైపుకి తగిలించుకుని, పదింటిదాకా గుటకా గుటకా తాగేవాడు. చల్లారిపోయిన టీ ఏం తాగుతావు బావా అంటే, “సల్లారితే టీ కాకుండా పోద్దేటి?” అనేవాడు.

ఇక అక్క పంపే డబ్బా సంగతి. మనూరి నుంచి ఎవరొస్తున్నా వాళ్ళ చేతికి ఒక డబ్బా అంటగట్టేది. ఆవకాయ, కందిపొడి, ఎండు నెత్తళ్ళు, జంతికలు. బావ డబ్బా విప్పి, పైన చుట్టిన పాత చీర ముక్కని తీసి తన దిండు కింద పెట్టుకునేవాడు. మిగతాదంతా రూములో మా పన్నెండు మందికీ పంచేసేవాడు. ఒక్క ముద్ద తినేవాడు కాదు. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది.

“ఆ మనిషి ఎండలో కూకుని ముక్కలు కోసి పెట్టింది బావా. నాలిక్కయినా రాయవేటి?”

“నాను ముట్నురా” అన్నాడు నెమ్మదిగా. “ఇంటి ఆవకాయి నోట్లో ఎడితే ఇల్లొచ్చి పక్కన కూకుంటాది. మరింక పైపుల మీదకి ఎక్కలేను. ఈ ప్రాటా తింతే ఏటీ గురుతు రాదు. డ్యూటీ సేసుకోగలను.”

ఆ తర్వాత ఆయన్ని పిసినారి అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం బర్గర్ షాపుకి వెళ్ళేవాళ్ళం. అక్కడ ఏసీ ఊరికే, వైఫై ఊరికే. ఒక ఫ్రెంచ్ ఫ్రైస్ పొట్లం, రెండు కోన్ ఐస్‌క్రీములు కొంటే గంటన్నర ఎవరూ లెమ్మనరు. అక్కడి నుంచే అక్కకి వీడియో కాల్ చేసేవాడు. “తిన్నావా?” అని అడిగేది అక్క. “తిన్నాను. నీ ఆవకాయే” అంటూ మోచేత్తో ఫ్రైస్ పొట్లాన్ని ఫోన్లో కనపడకుండా నా వైపు నెట్టేవాడు. నేను వృథా పోనీకుండా తినేసేవాణ్ణి.

నేను వచ్చేసి షెడ్డు పెట్టుకున్నాక, మూడేళ్ళ క్రితం ఆయన కూడా పూర్తిగా వచ్చేశాడు. అక్క రోజుకో రకం వండిపెట్టేది, ఆయన వద్దనకుండా తినేవాడు. ఒకరోజు నన్ను గాజువాకలో పరోటా దుకాణానికి తీసుకెళ్ళాడు. ఒక ముక్క తుంచి పులుసులో ముంచుకుని, నమిలి, ప్లేటు నా వైపు జరిపేశాడు. “బాగుంది గానీ అది కాదు బావా” అన్నాడు. ఇంట్లో చేయించుకోవచ్చుగా, మైదా పిండే కదా అన్నాను.

“మీ అక్కకి సెప్పకు. ఏటా సెలవుకి నానొచ్చిన ముప్పై రోజులకీ ముప్పై రకాలు ఒండీది ఆ మనిషి. దానికోసం పదకొండు నెలలు ఎదురుసూసీది. నాకు ఇంకోటి ఇష్టమని ఏ మొకం ఎట్టుకుని సెప్తాను?”

చెప్పనని మాటిచ్చాను.

పెద్దకర్మకి రెండ్రోజుల ముందు అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. మాలో పెద్దకర్మ నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, ఫొటో ముందర ఉంచుతారు. తర్వాత గది తలుపు దగ్గరగా వేసి అందరూ బయటికొచ్చేస్తారు. వాళ్ళు వచ్చి తింటారని నమ్మకం. అది వాళ్ళకి ఇంట్లో ఆఖరి భోజనం.

“తమ్ముడూ, మీ బావకి ఏటిష్టంరా?” అని అడిగింది అక్క.

“అదేటక్కా, నీకు తెలీదా?”

“సుట్టాలు వంకాయన్నారు, గారెలన్నారు, సేపల పులుసన్నారు. అయన్నీ నాను ఒండినయి. నానేటి ఎడితే అది తినీసీవోడు. ఆ ఇరవై రెండేళ్ళలో నాకాడ ఉన్నది కూడితే రెండేళ్ళు కూడా నిండవు. మిగతా మనిషి నీకే తెలుసు. సెప్పు.”

బావకి మాటిచ్చాను కదా. అబద్ధం చెప్పేశాను. “నీ ఆవకాయే అక్కా. అదుంటే ఇంకేటీ అడిగీవోడు కాదు.”

అక్క నన్ను అలాగే చూసింది. ఆవిడకి కోపం రావడం నేను అదే మొదటిసారి చూడటం.

“నువ్వూ అదే సెప్పు! ఫోన్లో నా ఆవకాయి తిన్నానని ఒకటే కూత. ఆవకాయి తింతే ఆ మనిషికి ముక్కు మీద సెమట పడతాది. ఒక్కనాడు పట్టిందా? ఏటో నమిలీవోడు, దవడ ఆడీది. నాను అడిగితే బాధపడతాడని అడగనేదు. ఆడు సెప్తే నాను బాధపడతానని ఆడు సెప్పనేదు. ఇప్పుడు ఆ మనిషికి ఏటిష్టమో తెలీకుండానే పంపించీమంటావేటి నన్ను?”

ఇంక దాచలేకపోయాను. డబ్బాలు మాకు పంచేయడం, దిండు కింద చీర ముక్క, రెండు ఖాళీ ప్రాటాలు, ఒట్టి పులుసు, అన్నీ చెప్పేశాను. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. అక్క ఏడవలేదు.

“ఇల్లొచ్చి పక్కన కూకుంటాది అన్నాడా?”

“అన్నాడక్కా.”

“అలగే అన్నాడా?”

“అలగే అన్నాడు.”

అక్క లేచి, “మైదా ఎంత తేవాల?” అంది.

పెద్దకర్మ నాడు పొద్దున్నే పెరట్లో బల్ల వేసుకుని కూర్చున్నాను. ముందు రోజే పిండి కలిపి, ముద్దలు చేసి, నూనెలో నానబెట్టాం. తొమ్మిదేళ్ళు చూశాను కదా, ఇదెంత పని అనుకున్నాను. మొదటిది చిరిగింది. రెండోది గాల్లో తిప్పితే వెళ్ళి తులసి కోట మీద పడింది. ఇనుము వంచే చేతులు నావి, మైదాకి లొంగలేదు. మూడోది కూడా చిరిగేసరికి పిండి మీద అరిచాను. పది రోజుల తర్వాత అక్క మొదటిసారి నవ్వింది.

“నువ్వు లెగు. పిండితో తగువేటి నీకు?”

ఆవిడ గాల్లో తిప్పలేదు. బొబ్బట్లు వత్తినట్టు నూనె చేత్తో అంచులు లాగుతూ, తిప్పుతూ, బల్ల కనపడేదాకా సాగదీసింది. మడతలు నేను చెప్పాను. పెనం మీద పడ్డాక వాసన వచ్చింది చూడండి, నాకు ఒక్క క్షణం ఆ తమిళాయన కొట్టు ముందర నిలబడినట్టే ఉంది. “ఇదేనా?” అని అడిగింది. ఇదే అన్నాను. “నా మొకం సూసి సెప్తన్నావా?” అంది. “నీ ఒట్టు అక్కా, ఇదే.”

చేపల పులుసులోంచి ముక్కలన్నీ తీసి పక్కన పెట్టేసింది. బంధువులు వింతగా చూశారు, ఒకావిడ ముక్కు మీద వేలేసుకుంది కూడా. ఆకులో రెండు ప్రాటాలు, చిన్న గిన్నెలో ఒట్టి పులుసు, అంతే. గారెలూ బూరెలూ వేరే పళ్ళెంలో దూరంగా పెట్టించింది. తలుపు దగ్గరగా వేసి మేమంతా వరండాలోకి వచ్చేశాం.

అక్క గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. మిగిలిన ప్రాటా ముక్క ఒకటి తుంచి నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది.

“బాగుందిరా” అంది. “అక్కడ ఇది ఎంతసేపు తినీవోడు?” అని అడిగింది.

“ఎంతసేపక్కా! ఆరింటికి లారీ వచ్చీసీది మమ్మల్ని ఎక్కించుకోడానికి. నిలబడే తినీవోడు. అయిదు నిమిషాలు.”

అక్క తల ఊపింది. లోపల్నించి చప్పుడేమీ లేదు. అంతలో బావ వాళ్ళ పెద్దన్నయ్య చేతి గడియారం చూసుకుంటూ వచ్చాడు. “అయింది కదమ్మా, తలుపు తీసీండి. బంతి ఎయ్యాల, అందరూ ఆకలి మీద ఉన్నారు” అన్నాడు.

అక్క తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి పట్టుకుంది.

“ఉండు బావగోరూ. ఇయ్యాల లారీ లేదు. నెమ్మదిగా కూకుని తిననీ.”

పెద్దన్నయ్య చెప్పులు విప్పి మెట్టు మీద కూర్చున్నాడు. వరండాలో విస్తళ్ళు వేసినవి వేసినట్టే ఉన్నాయి, అన్నం గిన్నెల్లో ఆవిరి తగ్గిపోతోంది. ఇంటినిండా జనం ఉన్నాం, ఎవరూ బంతి మాట ఎత్తలేదు. అక్క గొళ్ళెం మీద నుంచి చెయ్యి తియ్యలేదు.