బావ కెమెరాలో ఖాళీ రీలు

ఎనభైల చివర్లో సోలాపూర్‌లో మరమగ్గం నడిపేవాణ్ణి. పాత కెమెరా ఒకటి కొని, విరిగిన స్ప్రింగుకు బదులు మగ్గం స్ప్రింగు కోసి బిగించుకున్నాను. చెల్లెలి పెళ్లిలో మా అక్క భర్త దాన్ని తన కొత్త కెమెరా పక్కన పెట్టి, "గీ డబ్బాల ఫోటోలు పడ్తయా?" అని అందరినీ నవ్వించాడు. నా కెమెరా సంచిలో దాచేశాను.

కాసేపటికి ఆయనే, "జర రీలు ఎక్కియ్యి బామ్మర్దీ" అన్నాడు. కసికొద్దీ రీలు కొసను లోపలి కడ్డీకి తగిలించకుండానే మూత వేశాను. అలా చేస్తే రీలు తిరగదు, ఒక్క ఫోటో కూడా పడదు. ఆయన నొక్కిన ప్రతిసారీ లోలోపల నవ్వుకున్నాను.

రీలు ఖాళీ అని స్టూడియోలో చెప్పగానే బావ తల దించుకున్నాడు. నా పగ తీరింది. ఇంటికొచ్చాక అమ్మ నన్నడిగింది.

"పెండ్లిపిల్లతోని నేను దిగిన ఫోటో ఏది బిడ్డా? జిందగీల గదొక్కటే దిగిన."

తర్వాత ఎన్నిసార్లు బతిమాలినా, "నాకు ఫోటోలు అచ్చిరావు" అంటూ అమ్మ నా కెమెరా ముందుకు రాలేదు. చేసింది నేనని ఆమెకు చివరిదాకా చెప్పలేకపోయాను.