కళ్ళజోడు లేకుండా సముద్రం మీద

మా స్కూల్లో ఒకసారి పిల్లలు బాత్రూముల వెనక దెయ్యం ఉందని గోల పెడితే, "పట్టుకురండి, ప్రాక్టికల్స్‌లో ఫుల్ మార్కులు వేస్తాను" అన్న మనిషిని నేను. సైన్సు టీచర్ని. దెయ్యాలు, ఆత్మలు, గాలి సోకడాలు నాకెప్పుడూ నవ్వులాటే. ఇప్పటికీ నవ్వుతాను. కానీ ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. చెప్పకుండా ఉండనూ లేను! "మళ్ళీ మొదలెట్టావా" అంటాడు మా ఆయన. అననివ్వండి.

మాది విశాఖపట్నంలో జాలరిపేట. తాత, అయ్య, తమ్ముడు, అందరూ వేటకెళ్ళేవాళ్ళే. మా ఇళ్ళలో ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు, బేరంలో ఎంతటివాడినైనా నిలబెట్టి కడిగేస్తారు. కానీ వేట పడవలో కాలు పెట్టరు. మా ఇంట్లో అది కట్టుబాటు. నేనూ పెట్టలేదు. సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగానే గానీ, సముద్రం మీంచి చూస్తే మా ఊరు ఎలా కనిపిస్తుందో నాకు తెలియదు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి నా కళ్ళు. చిన్నప్పట్నుంచీ నాది సోడాబుడ్డి కళ్ళజోడు. అది తీసేస్తే ఎదురుగా ఉన్నది మా అమ్మో, బీరువానో గొంతు వింటే గానీ చెప్పలేను. అలాంటప్పుడు కుడికంటి చివర వేలు పెట్టి పక్కకి లాగి చూస్తాను. అలా లాగితే కొంచెం తేటగా కనిపిస్తుంది. పేటలో పిల్లలంతా నన్ను అలాగే వెక్కిరించేవారు.

తొంభైల చివర్లో, నాకింకా పెళ్ళి కాలేదు, ఒకరోజు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాను. అపెండిక్స్, తెల్లారగానే ఆపరేషన్ అన్నారు. అదే రోజు మా తమ్ముడు నూకరాజు ఇంకో ఇద్దరితో వేటకెళ్ళాడు. పొద్దు వాలేసరికి ఉన్నట్టుండి గాలి లేచి పడవ తిరగబడింది. ఆ ఇద్దరినీ వేరే పడవవాళ్ళు నీళ్ళలోంచి లాగారు. నూకరాజు దొరకలేదు. అయ్యతో పాటు పేటలో మగవాళ్ళంతా వెతుకులాటలో పడ్డారు.

ఇదేదీ నాకు తెలియదు! ఆపరేషన్ పిల్ల బెంగపడుతుందని అందరూ నోళ్ళు కుట్టేసుకున్నారు. "తమ్ముడు రాలేదేమ్మా?" అంటే, "ఏటకెళ్ళాడు" అంది అమ్మ, నావైపు చూడకుండా. అబద్ధం కాదు కదా మరి.

పొద్దున్నే నాకు పచ్చ గౌను తొడిగారు. నర్సు కళ్ళజోడు తీసి అమ్మ చేతిలో పెట్టింది. ముక్కు మీద మూత పెట్టారు, ఏదో లెక్క పెట్టమన్నారు, అంతే.

తర్వాత చూస్తే నేను పైన ఉన్నాను. కింద వెలుగు. వెలుగు చుట్టూ పచ్చ పచ్చగా మసకమచ్చలు కదులుతున్నాయి. డాక్టర్లు కాబోలు. మధ్యలో బల్ల మీద ఎవరో పడుకుని ఉంది. ఎవరో పాపం, బాగా లావుగా ఉంది అనుకున్నాను. అది నేనేనని ఎంతకీ తట్టలేదు! అలవాటు కొద్దీ కళ్ళజోడు సర్దుకుందామని ముక్కు దగ్గరికి చెయ్యి పోనిచ్చాను. కళ్ళజోడు లేదు. ముక్కూ తగల్లేదు. అప్పుడు కూడా భయం వెయ్యలేదు, చిరాకేసింది. ఇక్కడికొచ్చి కూడా ఈ మసకేనా అని.

ఆ మరుక్షణం కింద అంతా బూడిదరంగు నీళ్ళు. ఆస్పత్రి వాసన పోయి ఉప్పు వాసన. దూరంగా ఒడ్డు, చెరిపేసిన బోర్డులా. కుడివైపు పొట్టి కొండ ఒకటి, దాని వెనక పెద్ద కొండ నెత్తి మాత్రం కనిపిస్తోంది. ఎడమవైపు నీళ్ళలోకి దిగిన ఇంకో కొండ, సరిగ్గా దాని మీద తెల్లటి పొగ. కింద నీళ్ళ మీద నీలంగా ఒక మచ్చ, దాన్ని అంటుకుని నల్లగా ఇంకో మచ్చ. నల్లది కదులుతోంది. కంటి చివర వేలు పెట్టి లాగి చూశాను. ఊహూఁ, తేల్లేదు. వలకి కట్టిన బెండేమో అనుకుని అటు తిరిగిపోయాను.

కళ్ళు తెరిచేసరికి వార్డులో ఉన్నాను. పక్కన అమ్మ. మంచం దగ్గర మసకగా అయ్య, తడిబట్టల వాసనతో. డీజిల్ కోసం ఒడ్డుకొచ్చి, నన్ను ఒక్కసారి చూసి పోదామని వచ్చాడట.

"నొప్పి ఉందేటమ్మా?" అన్నాడు.

"అయ్యా, నాను సముద్రం మీదకెళ్ళొచ్చినాను," అన్నాను. నాలుక ఇంకా మందంగానే ఉంది. కానీ నాకు ఒకటే సంబరం! ఆగకుండా చెప్పేశాను. పొట్టి కొండ, వెనక పెద్ద కొండ, ఎడమ పక్క కొండ మీద పొగ.

"మత్తులో పేలతంది, ఊరుకో," అంది అమ్మ.

అయ్య ఊరుకోలేదు. మంచం పట్టీ పట్టుకుని ముందుకి వంగాడు. "ఆ పొగ కొండకి ఏ పక్క ఉంది?"

"పక్కన కాదయ్యా. సరిగ్గా నెత్తి మీద, ముడేసినట్టు."

"ఎనక కొండ ఎంత కనిపిస్తాంది?"

"నెత్తి మట్టుకే."

మావాళ్ళు నడిసముద్రంలో చోటు పోల్చుకునేది ఇలాగే. ఏ కొండ వెనక ఏ కొండ వస్తుందో చూసుకుని, ఇదిగో ఇక్కడ అడుగున రాయి ఉంది, ఇక్కడ చేప ఉంటుంది అని గుర్తు పెట్టుకుంటారు. మంచి చోటు గుర్తయితే పక్క పడవవాడికి కూడా చెప్పరు. నేను చెప్పింది కైలాసగిరి వెనక సింహాచలం కొండ, డాల్ఫిన్ నోస్ మీద ఉక్కు ఫ్యాక్టరీ పొగ. మా తాత అయ్యకి ఒక్కడికే చూపించిన చోటు అది. నూకరాజుకి కూడా ఇంకా చెప్పలేదట.

"సముద్రం మీంచి ఊరెలాగుంటాదో నీకేటి తెలుసే!" అన్నాడు అయ్య. "అక్కడేటి సూసినావు?"

"నల్లగా ఓ మచ్చ. పక్కన నీలంగా ఓ మచ్చ."

"ఓలమ్మో, మన పడవలో నీలం డబ్బా!" అని అమ్మ బావురుమంది. అప్పుడు చెప్పారు నాకు, తమ్ముడు కనిపించడం లేదని.

ఆ మచ్చ నా తమ్ముడా? వాడిని చూసి బెండనుకుని వచ్చేశానా? లేవబోతే కుట్లు లాగి, ప్రాణం పోయినంత పనైంది.

పడవలన్నీ దక్షిణం వైపు వెతుకుతున్నాయి. నీటి లాగుడు అటే ఉంది, మనిషి అటే కొట్టుకుపోతాడు, తెలిసినవాళ్ళందరి మాటా అదే. పొద్దు వాలేలోగా అయ్య పడవ ఒక్క వైపే పోగలదు. మత్తులో ఉన్న కూతురి మాట విని వేరే దిక్కు పోతే, కొడుకు దక్షిణం వైపే ఉంటే? ఆ లెక్క ఆయన మొహంలో నాకు కళ్ళజోడు లేకుండానే కనిపించింది. ఆ తడిబట్టలతోనే వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం అమ్మా నేనూ ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు. ఎండ కిటికీ దిగిపోతుంటే నా ప్రాణం కూడా దిగిపోతున్నట్టే ఉంది. దీపాలు పెట్టే వేళకి వరండాలో పరుగులు, కేకలు. "దొరికాడు! గుంటడు దొరికాడు!" అయ్య నేను చెప్పిన చోటుకే పోయాడట; దానికి కాస్త ఇవతల, నీలం డబ్బాని కౌగిలించుకుని ఉన్నాడట నూకరాజు. పెదాలు పగిలిపోయి, ఒళ్ళంతా ఉప్పు పట్టి, కానీ బతికి! నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. నర్సు వచ్చి కుట్లు ఊడతాయని తిట్టింది.

ఇక్కడితో అయిపోతే కల అనుకుని ఊరుకుందును.

మర్నాడు నూకరాజు గోడ పట్టుకుని నడుచుకుంటూ నా మంచం దగ్గరికొచ్చాడు. అప్పటికి వాడికి నా సంగతి ఎవరూ చెప్పలేదు. అయ్య ఒట్టేసి మరీ చెప్పాడు ఆ మాట. వాడు నన్ను ఎలా ఉన్నావని కూడా అడగలేదు. మూతి ముడుచుకుని, "ఏటప్పా నువ్వు! అంత దూరం వొచ్చి, సెయ్యూపితే గుర్తుపట్టవేటి?" అన్నాడు.

"ఎప్పుడ్రా?"

"నిన్న పొద్దుట. పచ్చ గౌనేసుకుని నా నెత్తి మీదే ఉన్నావు. కళ్ళజోడు నేదు. ఇదిగో, ఇలాగ లాక్కుని సూసినావు." కుడికంటి చివర వేలు పెట్టి లాగి చూపించాడు. "నాను గొంతు సించుకుని అరిసినాను. నువ్వు సూసి అటు తిరిగిపోయినావు. అంతసేపు నీళ్ళలో ఉన్నా ఏడవనేదు గానీ, అప్పుడు మట్టుకు ఏడుపొచ్చినాదప్పా."

వాడి తల నా పక్కకి లాక్కుని ఏడ్చాను. ఇంకేం చెయ్యను!

మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మిషన్ నడిపే మనిషి, ఆయనకి ప్రతిదానికీ లెక్క కుదరాలి. కొండల మాటలు చిన్నప్పుడు నిద్రలో విని ఉంటావంటాడు. ఉప్పునీళ్ళు తాగినవాడికి ఏవైనా కనిపిస్తాయంటాడు. "సరే బావా, అప్పకి ఆస్పత్రిలో తొడిగిన పచ్చ గౌను నాకెలాగ కనిపించినాది?" అని నూకరాజు అడిగితే టీవీ సౌండు పెంచుతాడు. నేను కన్ను గురించి ఏటా పాఠం చెబుతాను. కటకం, రెటీనా, బోర్డు మీద బొమ్మ. ఆ రోజు నా కళ్ళు రెండూ ఆపరేషన్ బల్ల మీద మూసుకుని ఉన్నాయి. మరి చూసిందెవరు? చూసినదానికి కూడా నా సైటే ఎందుకుంది?

తర్వాత కొన్నేళ్ళకి, మధురవాడ వచ్చేశాక, పాప పుట్టేటప్పుడు నాకు మళ్ళీ ఆపరేషన్ చేశారు. నర్సు కళ్ళజోడు తియ్యబోతే చెయ్యి పట్టేసుకున్నాను. ఇవ్వనంటే ఇవ్వనన్నాను. నవ్వారు, కసిరారు, చివరికి విసుగొచ్చి ప్లాస్టరుతో చెవుల దగ్గర అతికించి వదిలేశారు.

ఇప్పటికీ రాత్రుళ్ళు కళ్ళజోడు పెట్టుకునే పడుకుంటాను. మా పాప నవ్వుతుంది, కలలు కూడా క్లియర్‌గా కావాలా అమ్మా అని. నూకరాజు ఇంకా వేటకెళుతూనే ఉన్నాడు. ఈసారి వాడు చెయ్యి ఊపితే నేను గుర్తుపట్టాలి.