పది తొమ్మిదులు

ఉదయలక్ష్మికి నలభై రెండేళ్ళు. అందులో పంతొమ్మిదేళ్ళు పంజాగుట్టలో ఒకే ఆస్పత్రిలో గడిచిపోయాయి. మొదటి ఆరేళ్ళు కింద కౌంటర్‌లో రోగుల పేర్లు ఎక్కించింది. ఆ తర్వాత ఒక ఏడాదిపాటు పొద్దున ఆరున్నరకల్లా యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేటకు పరుగెత్తి, కోచింగ్ సెంటర్‌లో కుర్చీ దొరికితే కూర్చుని, దొరక్కపోతే గోడకు ఆనుకుని డేటాబేస్ కోర్సు నేర్చుకుంది. ఇప్పుడు రెండో అంతస్తులో రోగుల రికార్డులన్నిటికీ ఆమే కాపలా. అవి సవ్యంగా నడిచినన్నాళ్ళూ ఇలాంటి మనిషి ఒకరున్నారని ఎవరికీ గుర్తుండదు. ఆగిన రోజున మాత్రం అందరి నోటా ఆమె పేరే.

ఆ మంగళవారం అలాంటి రోజు. ఆదివారమే సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు కొత్త వెర్షన్ పెట్టారు. కౌంటర్‌లో రోగి ఫోన్ నంబరు కొట్టగానే అతని పాత జబ్బులు, మందులు, పరీక్షలు అన్నీ తెర మీదికి వచ్చి వాలాలట. సోమవారం నుంచి తెర మీద చక్రం తిరగడం తప్ప మరేమీ వాలలేదు. వార్డుల్లో కూడా అదే తంతు. కంపెనీ తరఫున వచ్చి కూర్చున్న తారక్ కాకినాడ మనిషి, మహా మర్యాదస్తుడు. సర్వర్ పాతదైపోయింది, మార్చాలి అని రెండు రోజులుగా అదే పాట పాడుతున్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే మరి.

పదీ నలభైకి క్యాజువాలిటీ నుంచి డాక్టర్ అర్ఫాత్ ఫోన్ చేశాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు గానీ మాటల్లో తొందర ఉంది.

"ఉదయా మేడం, పక్షవాతం కేసు. పేరు మొగిలయ్య. గడ్డ కరిగే ఇంజెక్షన్ పదకొండున్నర లోపలే ఇయ్యాలె. రక్తం పల్చబడే గోలీలు వాడుతుండో లేదో తెల్వకుంట ఇస్తే తలల రక్తం కారుతది. ఆయన ఫైలు కావాలె, జర జల్దీ."

మొగిలయ్యకు గుండె లయ తప్పుతోందని ఇదే ఆస్పత్రిలో చూపించారు. ఏవో గోలీలు వేసుకుంటాడని భార్య వజ్రమ్మకు తెలుసు. వాటి పేరు తెలియదు. చీటీ ఇంట్లో ఉంది, ఇల్లు పటాన్‌చెరు అవతల, దానికి తాళం. వెళ్ళి తెచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పోనీ రక్తపరీక్ష చేద్దామంటే, ఈమధ్య వచ్చిన గోలీలు మామూలు పరీక్షకు దొరకవు. ఇంజెక్షన్ ఇస్తే ఒక ప్రమాదం, ఇవ్వకపోతే ఒక ప్రమాదం. ఏది నిజమో చెప్పగల రికార్డు ఉదయలక్ష్మి దగ్గర ఉంది, పేరు కొట్టినా తెరుచుకోవడం లేదు.

సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెడదామన్నాడు తారక్. నిన్న మూడుసార్లు ఆ పనే చేశారు. ప్రతిసారీ పావుగంట బాగుండేది, మళ్ళీ మొదటికొచ్చేది. పైగా అది లేచి కూర్చోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆలోగా ఐసీయూ తెరలు కూడా ఆరిపోతాయి. కుదరదంది ఆమె.

ఆమె తన ఫోన్ నంబరు పెట్టి వెతికింది. కాస్త ఆగి, తన రికార్డు వచ్చేసింది. కౌంటర్ అమ్మాయి నంబరు పెట్టింది. అదీ వచ్చింది. సర్వర్ ముసలిదైతే తనకు మాత్రం ఎందుకు పలుకుతుంది? అమీర్‌పేట సారు డస్టరుతో బల్ల మీద కొట్టి మరీ చెప్పేవాడు, ప్రశ్న ఎలా రాశారన్నది ఒక్కటే చూడకండి, ఏం పెట్టి అడిగారో చూడండి అని. ఆ క్షణంలో పూర్తికాకుండా నడుస్తున్న వెతుకులాటల జాబితా పైకి తీసింది. ముప్పై ఎనిమిది ఉన్నాయి. ఒక్కొక్కటి విప్పి చూసింది. అన్నిట్లో ఒకటే నంబరు. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, వరుసగా పది తొమ్మిదులు.

ఆ నంబరు మీద ఎంతమంది నమోదయ్యారో లెక్క అడిగింది. అరవై ఒక్క వేల నాలుగు వందల మంది.

"ఏంటి ఉదయ గారూ, ఇంతమందికి ఒకే ఫోనా?" అన్నాడు తారక్.

వెతకబోయిన తీగ కాలికి తగిలితే ఎవరైనా సంతోషిస్తారు. ఈ తీగను నాటింది ఉదయలక్ష్మే.

కౌంటర్‌లో చేరిన కొత్తలో మొదటి సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఫోన్ నంబరు గడి నింపితే తప్ప అది ముందుకు కదిలేది కాదు. లైన్లో సగం మందికి ఫోన్లు లేవు. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని ఒక మెదక్ ఆడమనిషి నిలబడి ఉంది, క్యూ రోడ్డెక్కింది. ఉదయలక్ష్మి ఆలోచించకుండా పది తొమ్మిదులు కొట్టింది. యంత్రం ఒప్పుకుంది. ఆ నెల ఉత్తమ ఉద్యోగి అని ఆమె ఫొటో గోడకెక్కింది. కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ ఆమే ఈ కిటుకు నేర్పింది, వాళ్ళు తమ తర్వాతివాళ్ళకు నేర్పారు. ఇన్నాళ్ళూ అది ఎవరికీ అడ్డం రాలేదు. ఆదివారం నుంచి మాత్రం ఫోన్ లేని మనిషి ఒకడు కౌంటర్ ముందుకు వస్తే చాలు, అరవై వేల మంది జబ్బులూ మందులూ మోసుకురావడానికి యంత్రం బయలుదేరుతోంది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. సిగ్గుపడటానికి అప్పుడు తీరిక లేదు.

ముప్పై ఎనిమిదింటినీ ఆపేసింది. మళ్ళీ రాకుండా, ఆ నంబరు వస్తే అసలు వెతకొద్దని రెండు వరుసలు రాసింది. కంపెనీ అనుమతి లేకుండా నడుస్తున్న సిస్టంలో చెయ్యి పెట్టకూడదని తారక్ బతిమాలాడు, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆమె మీట నొక్కింది. గడియారం పదకొండూ ఎనిమిది.

చక్రాలు ఆగాయి. తెరలు కదిలాయి. ఇప్పుడు పేరు కొడితే మొగిలయ్యలు పదకొండు మంది బయటపడ్డారు, అందులో ఈయన వయసువాళ్ళు నలుగురు. నలుగురికీ పది తొమ్మిదులే. ఆమె క్యాజువాలిటీకి ఫోన్ చేసి వజ్రమ్మను పిలిపించి, ఆస్పత్రిలో ఎప్పుడు చేర్చారో అడిగింది.

"బోనాలప్పుడు బిడ్డా. పోయినేడు కాదు, ఆ ముందేడు. నాలుగు దినాలున్నం."

బోనాలంటే జూలై నెల, నాలుగు రోజులు. ఒక్కడే మిగిలాడు. ఆఖరిసారి మూడు వారాల కిందట వచ్చి వెళ్ళాడు. మూడు నెలలకు సరిపడా రక్తం పల్చబడే గోలీలు రాసిచ్చారు, పొద్దునొకటి, రాత్రొకటి. ఆమె ఆ పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. అవతల అర్ఫాత్ ఏదో ట్రేలో పెట్టిన చప్పుడు వినిపించింది.

"సిరంజి నిండా మందు తీసి పెట్టుకున్న మేడం. ఇంకో అయిదు నిమిషాలైతే ఇచ్చేటోన్ని."

ఇంజెక్షన్ మానేసి, తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి గడ్డను లాగేయడానికి మొగిలయ్యను లోపలికి తీసుకుపోయారు. ఒంటిగంటకు అతని పడిపోయిన కుడిచెయ్యి దుప్పటిని పట్టుకుందని కబురొచ్చింది. ఉదయలక్ష్మి లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగింది. వజ్రమ్మ చెప్పులు పక్కన విడిచి బల్ల మీద కూర్చుని ఉంది. ఫైలు తీసిచ్చింది ఈమేనని వజ్రమ్మకు ఎవరో ముందే చెప్పినట్టున్నారు, లేచి ఈమె రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు విడిపించుకుని ఉదయలక్ష్మి జరిగిందంతా చెప్పేసింది. ఫోన్ లేనోళ్ళందర్నీ ఒకే నంబరు కింద కుప్పపోసింది నేనే పెద్దమ్మా, అందుకే నీ ఇంటాయన ఫైలు ఆగింది అంది. తిడుతుందనుకుంది, తిడితే బాగుండునని కూడా అనుకుంది.

వజ్రమ్మ ఆ మాటలు విని, కౌంటర్ ముందున్న లైన్ వైపు చూసింది.

"గా కుప్పల ఇంకా మస్తుమంది ఉన్నరు గద బిడ్డా. రేపు వాళ్ళకు గిట్లయితే, బోనాల యాది చెప్పెటందుకు పక్కన ఎవ్వరు లేకుంటే ఎట్ల?"

ఉదయలక్ష్మి కౌంటర్‌లోకి వెళ్ళి, అక్కడి అమ్మాయి పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. లైన్లో ముందున్న ముసలాయన తన దగ్గర ఫోన్ లేదన్నాడు. ఊరి పేరు చెప్పమని, ఇంటామె పేరు చెప్పమని, ఎప్పుడెప్పుడు వచ్చాడో గుర్తున్నంతవరకు చెప్పమని ఆమె అడగడం మొదలుపెట్టింది. వెనక లైన్ రోడ్డెక్కుతోంది. ఎక్కనీ అనుకుంది.